పోపు గరిటెడు నల్ల బీరు

నవంబర్ 17, సోమవారం

ఈ డైరీ చీరల షాపు వాళ్లు ఇచ్చింది. ఇన్నాళ్లూ దీనికి కుచ్చుల దారం చుట్టి పెట్టుకున్నాను. ఈ రోజు దారం విప్పి పెన్ను పెడుతున్నాను. ఏడో తరగతి తరువాత ఇంత రాయడం ఇదే. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ. ఆయన దీన్ని చదవరు, నేనే చదివి వినిపిస్తాను. ఏ ముక్క వినిపించాలో నా ఇష్టం.

సంగతి ఇది. ఆయన ఎల్బీనగర్‌లో ఒక క్రాఫ్ట్ బ్రూవరీలో వెయిటర్. వాళ్లు బీరు బయట కొనరు. పెద్ద పెద్ద స్టీలు గంగాళాల్లో అక్కడే కాస్తారు. ఇప్పుడు కొత్తది ఒకటి వస్తోంది. పేరు ఇంపీరియల్ స్టౌట్. నల్లగా ఉంటుంది. విస్కీ తీసేసిన చెక్క పీపాలో పది నెలలు పడుకోబెట్టారట. నేను పుట్టింటికి పోయి పది రోజులుంటేనే అత్తమ్మ ఫోన్ చేస్తుంది. పది నెలలు ఎవరూ పిలవకుండా అది అట్లా పడి ఉంది.

ముప్పయ్యో తారీఖు ఆదివారం దాన్ని మొదటిసారి అమ్ముతారు. ఆ రోజు హోటల్ తెరవకముందు ఒక్కొక్క వెయిటరు బల్ల దగ్గర నిలబడి దాని రుచి ఎట్లా ఉంటుందో చెప్పాలి. మెనూ కార్డు మీద రాసింది చెప్పకూడదు. కార్డు కస్టమర్ కూడా చదువుకుంటాడు, మీ నోటితో చెప్పండి అన్నారట మేనేజరు వినయ్ సారు. ఎవరు బాగా చెబితే వాళ్లు కెప్టెన్, అంటే వెయిటర్లందరి మీద పెద్ద. అందరికీ తలా ఒక సీసా ఇచ్చి ఇంటికి పంపారు.

కెప్టెన్ అయితే పగటి డ్యూటీ. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

పెళ్లయి ఏడాది దాటింది. ఒక్క సాయంత్రం కూడా ఆయనతో చూడలేదు. ఆయన లేచేసరికి పదకొండు, బయలుదేరేసరికి రెండు. ఆ మధ్యలో ఆయన, అత్తమ్మ, నేను, కుచ్చులు వేయాల్సిన చీరలు, అందరం ఒకే గదిలో. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద సాయంత్రం జంటలు నడుస్తారు. నేను షాపుకు చీరలిచ్చి వస్తూ వాళ్లను చూస్తాను. చూసి తల దించుకుంటాను. కానీ చూస్తాను.

చిక్కు ఏమిటంటే, ఆయనకు వానాకాలంలో కామెర్లు వచ్చి తగ్గాయి. పనికి పొమ్మన్నాడు డాక్టరు. ఆరు నెలల దాకా మందు చుక్క నాలుక మీద వేయొద్దన్నాడు. అది వినయ్ సారుకు చెప్పలేదు. తాగలేని వాణ్ని కెప్టెన్ చేస్తారా?

అందుకని నిన్న నన్ను పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పారు. "నువ్వు నాలుక మీదేసి చెప్పు. నీ నాలుక మస్తు పనిచేస్తది. పప్పుల ఉప్పు ఎక్కువైందో తక్కువైందో వాసనతోనే చెప్తవు గద."

నా నాలుకను ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. నేను మాట్లాడనని తిట్టడమే.

సరే అన్నాను. నియమాలు:

ఒకటి. రోజుకు ఒక్క పోపు గరిటెడు.

రెండు. మింగకూడదు. నోట్లో తిప్పి ఉమ్మేయాలి.

మూడు. అత్తమ్మకు తెలియకూడదు.

నాలుగు. ఏ రుచి వస్తే అదే రాయాలి.

పోపు గరిటె ఎందుకంటే, కామెర్ల పథ్యం వల్ల ఇంట్లో పోపు ఆగిపోయి చాలా కాలమైంది. నూనె లేదు, ఆవాలు లేవు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిన్న ఇనుప గరిటె మేకుకు ఊరికే వేలాడుతోంది. స్టీలు చెంచాలు నాలుగే ఉన్నాయి, ఒకటి తడిగా కనబడితే అత్తమ్మ అడుగుతుంది. ఈ గరిటెను ఎవరూ అడగరు.

అత్తమ్మకు ఎందుకు తెలియకూడదంటే, కోపమొస్తుందని కాదు. కొడుక్కి నయమైతే, డాక్టరు అన్నీ తినొచ్చని చెప్పేదాకా కల్లు ముట్టనని ఎల్లమ్మకు మొక్కుకుంది. అదెంత పెద్ద మొక్కో ఆమెను చూస్తే తెలుస్తుంది. కల్లు కాంపౌండు ముందు నుంచి ఆటో పోతుంటే ముఖం అటు తిప్పి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. అట్లాంటి మనిషిని ఉసిగొల్పడం పాపం. ఆయనైతే ఇంకో మాట అన్నారు. "అమ్మకు తెలిస్తే గా సీసకు పొద్దుగూకదు."

సీసా బియ్యం డ్రమ్ములో, బియ్యం లోపల. వెలుతురు తగలకూడదట, వేడి తగలకూడదట.

ఈ రోజు కార్తీక సోమవారం. మేడ మీద ఇల్లుగలావిడ హనుమాయమ్మ గారు ఉపవాసం ఉండి దీపాలు పెట్టుకుంటున్నారు. ఆవిడ నెత్తి కింద ఈ పని బాగుండదు. రేపటి నుంచి.


నవంబర్ 18, మంగళవారం

మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దంటుంది అత్తమ్మ. ఆమెకు తెలియదు కాబట్టి మొదలుపెట్టాను.

సాయంత్రం నాలుగున్నర. అత్తమ్మ కుచ్చులయిన చీరలు ఇవ్వడానికి దిల్‌సుఖ్‌నగర్ షాపుకు పోయింది. తలుపు గొళ్లెం. కిటికీ మూత. గరిటెడు పోశాను. తారులాగా దిగింది. అంచున గోధుమ రంగు నురగ.

నోట్లో వేసుకున్నాను. తిప్పాను. ఉమ్మాను.

రుచి: చేదు.

నియమాలన్నీ పాటించాను. చాలా సులువు.


నవంబర్ 19, బుధవారం

మధ్యాహ్నం ఆయనకు వినిపించాను. అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు.

"చేదు అంటే ఎవ్వడన్న కొంటడానే? ఏం చేదు? కాకరకాయ చేదా, యాపాకు చేదా?"

"మాడిన చేదు."

"ఏం మాడింది?"

ఆయన కళ్లలోకి చూసి చెప్పడం నాకు రాదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ, "రేపు చెప్త" అన్నాను.

సాయంత్రం శ్రద్ధగా కూర్చున్నాను. గరిటెడు నోట్లో ఉంది. ఏదో గుర్తుకొస్తోంది. కొసకు వచ్చేసింది. అప్పుడే తలుపు కొట్టారు.

హనుమాయమ్మ గారు.

"ఏమ్మా అరుణా, మోటారు కట్టేశావా? ట్యాంకు పొంగిపోతోంది పైన."

తల ఊపాను.

"కట్టేశాననా, కట్టలేదనా? నోరు తెరిచి చెప్పమ్మా."

మళ్లీ ఊపాను.

"కార్తీకమాసమని మౌనం పట్టావా ఏమిటి కొంపదీసి? మంచిదే, కానీ మోటారు సంగతి చెప్పి పట్టు."

ఆవిడ ఎదురుగా ఉమ్మలేను. ఉమ్మితే నల్లగా వస్తుంది. మింగేశాను.

"కట్టేశానండీ" అన్నాను. గొంతు నాది కానట్టు వచ్చింది. కడుపులో ఎవరో దీపం పెట్టినట్టయింది.

ఆవిడ పోయాక గుర్తొచ్చింది. మాడింది పాలు. గిన్నె అడుగంటి, పైన మీగడ మాత్రం మంచిగా మిగిలిన పాలు. చిన్నప్పుడు ఆ మీగడ నాకే పెట్టేది అమ్మ.

చూశారా? ఉమ్మి ఉంటే ఇది తెలిసేది కాదు. రుచి గొంతు దిగాకే తేలుతోంది. రెండో నియమం సరిగా ఆలోచించి పెట్టలేదు. రేపటి నుంచి మింగవచ్చు. గరిటెడే కదా.


నవంబర్ 21, శుక్రవారం

మాడిన పాలు అంటే ఆయన ఎగిరి కూర్చున్నారు. "గిది బాగుంది. కాఫీ, చాక్లెట్ అని అందరంటరు. పాలు ఎవ్వరనలే."

నిన్న ఒక గరిటె. ఈ రోజు రెండు. మొదటిది నోరు తడవడానికి. రెండోది పని.

కొత్త రుచి: బెల్లం. తెల్ల బెల్లం కాదు, నల్ల బెల్లం, పాకం ముదిరింది.

సాయంత్రం మెట్ల దగ్గర హనుమాయమ్మ గారు ఎదురయ్యారు. ఎప్పుడూ గోడకు అతుక్కుని దారి ఇస్తాను. ఈ రోజు నిలబడి, "పొద్దున మోటారు ఏడింటికి వేస్తే మాకు నీళ్లు అందడం లేదండీ, ఆరింటికే వేయండి" అన్నాను. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆ మాట నా నోట్లోనే ఉంది.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "అలాగేనమ్మా. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"




నవంబర్ 22, శనివారం

దొరికింది. పెద్దది దొరికింది.

రెండో గరిటె మింగి కళ్లు మూసుకున్నాను. నాలుక చివర, పళ్ల మధ్యన, ఒక పులుపు కాని పులుపు. పదును. ఇది నాకు తెలుసు. ఎక్కడిది?

మా తాత బక్కయ్యది.

పోచంపల్లి పక్కన మా ఊళ్లో, ఇంటి వెనక గోడవారగా తాత ఒక కుండ పెట్టేవాడు. అందులో తుప్పు పట్టిన మేకులు, విరిగిన కొడవళ్లు, బెల్లం, నీళ్లు. మూతి కట్టి వదిలేసేవాడు. వారాలు గడిచాక మూత తీస్తే నల్లటి నీళ్లు, పైన నురగ. దారం చుట్టిన నూలు చిట్టెం అందులో ముంచితే నలుపు పట్టేది. చెరువులో ఉతికినా పోని నలుపు. పొట్లాల రంగులు వచ్చాక కూడా ఆ ఒక్క నలుపు తాత మానలేదు. నేను ఒకసారి వేలు ముంచి నాకాను. అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. ఆ రుచి ఇది. బెల్లం, ముగ్గిన నీళ్లు, పాత ఇనుము.

రాశాను: పాత ఇనుము. కింద గీత కూడా గీశాను.

ఇది సీసాలో ఉందంటే ఎంత లోపల దాగి ఉండాలి? పీపాకు ఇనుప పట్టీలు ఉంటాయని ఆయన చెప్పారు. అక్కడి నుంచే దిగి ఉంటుంది. పది నెలలు.


నవంబర్ 23, ఆదివారం

ఆయనకు తాత కుండ సంగతంతా చెప్పాను. అంత పొడుగు మాట ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో క్యాలెండరు చూడడం కూడా మరిచిపోయాను.

ఆయన నోరు తెరుచుకుని విన్నారు. తరువాత అద్దం ముందు నిలబడి చేయి చాపి, "సార్, ముందుగాల మాడిన పాల మీగడ. తర్వాత నల్లబెల్లం. ఆఖర్న మా పోచంపల్లి రంగుకుండల పాత ఇనుము" అన్నారు. అద్దంలోంచి నన్ను చూశారు. "కెప్టెన్ అయినంక సాయంత్రం పూట ఏం జేద్దాం?"

నేను వంటింట్లోకి వచ్చేశాను. వచ్చాక గోడకు చెప్పాను, చెరువు కట్టకు పోదామని.

సాయంత్రం మూడు గరిటెలు. ఇనుము ఉందా లేదా అని సరిచూసుకోవడానికి. ఉంది. మూడింటిలోనూ ఉంది.


నవంబర్ 24, సోమవారం

మూడో నియమం పోయింది.

డ్రమ్ములోంచి బియ్యం ఎప్పుడూ నేనే తీస్తాను. ఈ రోజు కుచ్చుల పని తొందరగా కావాలని అత్తమ్మ తానే గిన్నె పట్టుకుని లేచింది. నేను లేచేలోపు చేయి లోపల పెట్టేసింది.

"పిల్లా. బియ్యంల సీస మొలిచింది."

సూది వేలికి దిగింది.

అత్తమ్మ దాన్ని రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు పట్టుకొచ్చింది. బియ్యపు గింజలు తుడిచి నా ముందు కూర్చోబెట్టింది.

"మందు, అత్తమ్మా."

"మందే. కానొస్తనే ఉన్నది. ఎవలిది?"

చెప్పేశాను. పరీక్ష, కెప్టెను, పగటి డ్యూటీ, గరిటె, అన్నీ. కొడుకు తాగడం లేదని ముందే ఒట్టు పెట్టాను.

అత్తమ్మ మూత తీసి వాసన చూసింది. చాలాసేపు చూసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది.

"నేను మొక్కిందేంది?"

"కల్లు ముట్టనని."

"గిది చెట్టుకెల్లి దిగిందా?"

"లేదు. గంగాళంల కాచిన్రు."

"ఈతచెట్టు సూసిందా, తాటిచెట్టు సూసిందా?"

"ఏ చెట్టూ చూడలే, అత్తమ్మా."

"మరి గిది కల్లెట్లయితది? ఎల్లమ్మకు గా మాత్రం తెల్వదా?" స్టీలు గ్లాసు తెచ్చుకుంది. "గ్లాసుల పొయ్యి. సగమే. కొడుకు పరీక్షకు తల్లి గింత సాయం జెయ్యకపోతే ఎట్ల?"

తాగింది. కళ్లు మూసుకుంది. పెదవులు రెండుసార్లు చప్పరించింది. మొక్కు పట్టినప్పటి నుంచి ఆ ముఖంలో ఇంత వెలుగు చూడలేదు.

"ఇనుము దొరికిందా?" అన్నాను, కొంచెం గొప్పగా.

"ఇనుమెక్కడిది? ఖర్జూరపండు ఉన్నది. ఎన్కనుంచి కట్టె వాసన. కొత్త మగ్గం కట్టె లెక్క."

"జర మంచిగ చూడుండ్రి. ఆఖర్న ఉంటది."

"ఆఖర్న ఏం లేదు. అయిపోయింది." గ్లాసు బోర్లించి చూపించింది.

పాపం, ఎన్నేళ్లుగా నములుతున్న జర్దానో. నాలుక మొద్దుబారి ఉంటుంది. ఖర్జూరపండు రాయలేదు.


నవంబర్ 26, బుధవారం

సాయంత్రం పరీక్ష ఇప్పుడు ఇద్దరం చేస్తున్నాం. అత్తమ్మ గ్లాసులో, నేను గరిటెలో. నాకు గరిటె అలవాటైంది.

మేం ఎందుకు కొంచెం ఎక్కువ చూడాల్సి వస్తోందంటే:

సీసా తెరిచాక రోజురోజుకూ రుచి మారుతుంది. ఏ రోజుది ఆ రోజు చూడకపోతే తప్పు చెబుతాం.

చలి పెరిగింది.

ఇద్దరి నాలుకలకు ఒప్పందం కుదరలేదు. కుదిరేదాకా చూడాలి.

నిన్న వేయించిన పల్లీలు తెచ్చింది అత్తమ్మ. పల్లీలతో ఎట్లా ఉంటుందో కూడా కస్టమర్లు అడుగుతారట. అడుగుతారా? అడిగితే?

అత్తమ్మ మామయ్య సంగతి చెప్పింది. సిద్ధిరాములు మామయ్యను నేను ఫోటోలోనే చూశాను. మగ్గం దిగి సాయంత్రం కల్లు తెచ్చుకుని, మొదటి ముంత ఆమెకే ఇచ్చేవాడట. ఇచ్చి, ఎట్లుందే అని అడిగేవాడట. "నేను మంచిగుంది అంటెనే తాగెటోడు. పులిసిందంటె పారబోసెటోడు. నా నాలుక మీద గంత నమ్మకం."

ఆమె అట్లా అంటూ కొంగుతో గ్లాసు తుడిచింది. నేను ఇంకొంచెం పోశాను.

కొడుకు సాయంత్రాలన్నీ ఈ హోటలే మింగిందని అత్తమ్మే అంది. నేననలేదు. నేను పైకి అనను.


నవంబర్ 27, గురువారం

హనుమాయమ్మ గారు వచ్చారు. మేం గొళ్లెం వేయడం మరిచాం.

"ఏమిటమ్మా కమ్మటి వాసన? బెల్లం పాకం పడుతున్నారా?"

అత్తమ్మ గ్లాసు వీపు వెనక్కి పోయింది. నా నోటికి ఈ మధ్య మాటలు తొందరగా వస్తున్నాయి. "అవునండీ, అరిసెలకు" అన్నాను.

"అరిసెలా? ఇప్పుడా? అయితే నాకూ నాలుగు పంపమ్మా. అమావాస్యతో నా నియమాలన్నీ అయిపోయాయి, ఏదైనా తింటాను."

ఆవిడ పోయాక అత్తమ్మ నన్ను తిట్టింది. "గారెలంటె పోయేది గద. అరిసెలకు బియ్యం నానబెట్టాలె, దంచాలె."

రాత్రి వంట మానేసి పిండి ఆడించుకొచ్చాం. పాకంలో నీళ్లకు బదులు అది కొంచెం పోసింది అత్తమ్మ. కొంచెమే. అరిసెలు నల్లగా వచ్చాయి. పైకి ఆరు పంపాం.


నవంబర్ 28, శుక్రవారం

అరిసెలు ఇంకా ఉన్నాయా అని అడిగారు హనుమాయమ్మ గారు. నిన్న మంచి నిద్ర పట్టిందట.

సీసా ఖాళీ.

ఎట్లా అయిందో చూశాం. అత్తమ్మ డ్రమ్ము అడుగున కారిందేమోనని కూడా వెతికింది. బియ్యం పొడిగానే ఉన్నాయి.

రేపటి నుంచి ముట్టను. ముట్టడానికి లేదు కూడా.

ఆయన పోతూ అడిగారు. "ఎంత మిగిలింది?"

"కొంచెం" అన్నాను.

"ఆఖరి రోజు దాక ఉంచు. మళ్లొకసారి చూసి ఇనుము సంగతి పక్కా చెయ్యి. దాని మీదనే ఉన్న నేను."

తలుపు వెనక అత్తమ్మ దగ్గింది.


నవంబర్ 30, ఆదివారం

పొద్దున తొందరగా లేచి కొత్త చొక్కా వేసుకున్నారు. అత్తమ్మ బొట్టు పెట్టింది. నేను ఎదురొచ్చాను. ఎప్పుడూ వంటింటి గడప దాటను, ఈ రోజు వీధి తలుపు దాకా వచ్చాను.

"ఇనుము పక్కానా?"

"పక్కా."

సీసా ఖాళీ అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇనుము మీద మాత్రం నాకు అనుమానం లేదు. ఇరవై రెండో తారీఖు నుంచి ఉంది అది. ఒక్క రోజు తప్పలేదు.

సాయంత్రం నాలుగున్నరకు అత్తమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. చేయడానికి ఏం లేదు. కుచ్చులు వేశాం.


డిసెంబర్ 1, సోమవారం

ఆయన పదకొండుకు లేచారు. ముఖం కడుక్కున్నారు. అంబలి పెడితే తాగారు. అత్తమ్మే అడిగింది.

"ఏమాయె రా?"

ఆయన గోడకు ఒరిగి చెప్పారు. మొదటి ఇద్దరూ కార్డే అప్పజెప్పారట. మూడో వాడు ఈయన. మాడిన పాల మీగడ అనగానే వినయ్ సారు కుర్చీలో ముందుకు జరిగారట. నల్లబెల్లం అంటే తల ఊపారట. అప్పుడు ఈయన చేయి చాపి, పాత ఇనుము అన్నారు.

వినయ్ సారు లేచి నిలబడ్డారట.

"మళ్ల చెప్పుమన్నడు. తుప్పు మేకులు సార్ అన్న. మా పోచంపల్లి కుండ సార్ అన్న. ఆయన మొఖం తెల్లగైంది."

బీరులో ఇనుము రుచి వస్తే గొప్ప కాదట. గంగాళమో పైపో చెడిందని అర్థమట. సాయంత్రం అమ్మకం ఆపేశారు. పీపాలు విప్పారు. పైపులు కడిగారు. ఒక్కొక్క పీపాలోంచి గ్లాసుతో తీసి తాగి చూశారు. పిలిచిన అతిథులు బయట నిలబడి ఉన్నారు. ఎక్కడా ఇనుము లేదు. వినయ్ సారు ఈయనను పక్కకు పిలిచారు.

"దేంట్ల పోసుకుని తాగినవురా అని అడిగిండు. నేనేం చెప్పాలె? నేను తాగితె గద." ఆయన నా వైపు చూశారు. "చెప్పేసిన. మా ఆమె చూసి చెప్పింది సార్, నాకు డాక్టరు వద్దన్నడు అని. ఇప్పుడు నువ్వు చెప్పు. దేంట్ల చూసినవ్?"

నేను లేచి వంటింట్లోకి పోయాను. మేకు మీద అది ఉంది. నెలల తరబడి నూనె చుక్క తగలక, అంచుల చుట్టూ ఎర్రగా పొడి. రోజూ కళ్ల ముందే ఉంది. వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకున్నాను.

తాత కుండ.

గరిటె తెచ్చి ఆయన ముందు పెట్టాను. నాకు తల ఎత్తడం రాలేదు. ఆయన దాన్ని చూశారు. తిప్పి చూశారు. వాసన చూశారు. చెరువు కట్ట, సాయంత్రం, కెప్టెను, అన్నీ ఆ గరిటెలో కూర్చున్నట్టు అనిపించింది నాకు.

అత్తమ్మ వక్క కొరికింది.

"నేను మొదటి దినమే చెప్పిన. ఇనుము లేదు గినుము లేదు, ఖర్జూరపండే అని. నా మాట ఎవలింటరు ఈ ఇంట్ల?"

ఆయన మెల్లగా తల తిప్పారు.

"నీకెట్ల తెల్సే, అమ్మా?"

అత్తమ్మ నమలడం ఆపింది. నా వైపు చూసింది. నేను క్యాలెండరు వైపు చూశాను.

"మొక్కు?" అన్నారు ఆయన.

"మొక్కు కల్లుకు."

ఆయన లేచి డ్రమ్ము దగ్గరకు పోయి చేయి లోపల పెట్టారు. సీసా తీశారు. వెలుతురుకు పట్టి చూశారు. తలకిందులు చేశారు. ఒక బియ్యపు గింజ రాలింది. ఆయన డ్రమ్ము మూత మీద కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరకు పోయాను.

నవ్వుతున్నారు. అత్తమ్మ లేచి ఆయన కంటి రెప్పలు లాగి చూసింది, కామెర్లు తలకెక్కాయేమోనని.

తరువాత మిగతాది చెప్పారు. కెప్టెన్ ఎవరూ కాలేదు. అందరినీ మళ్లీ పద్నాలుగో తారీఖున నిలబెడతారు. రాత్రి ఆలస్యంగా అమ్మకం మొదలైతే, విన్నవాళ్లెవరో చెప్పినట్టున్నారు, రెండు బల్లల వాళ్లు ఆ మాడిన పాలదే కావాలని అడిగారట. అందుకని వినయ్ సారు పనిలోంచి తీసేయలేదు. అమ్మకం ఆపించినందుకు మూడు రోజులు హోటల్‌కు రావొద్దన్నారు. పోతుంటే చేతిలో ఇంకో సీసా పెట్టారు. "మీ ఆమెకు ఇయ్యి. గాజు గ్లాసుల తాగమను."

మూడు రోజులు రావొద్దన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.


డిసెంబర్ 2, మంగళవారం

సరూర్‌నగర్ చెరువు కట్ట. ఎండ దిగుతోంది. ఇద్దరం. అత్తమ్మ మోకాళ్ల నొప్పి అంది. మొన్న అరిసెల రోజు ఆ మోకాళ్లతోనే పిండి గిర్నీకి నడిచి పోయింది.

నీళ్లు మంచి వాసనేం రావు. అయినా నడిచాం. సాయంత్రపు ఎండలో ఆయన చెవి అంచు ఎర్రగా కనబడింది. ట్యూబ్‌లైటు కింద అది తెలియదు. కళ్లు తెల్లగా ఉన్నాయి.

"కోపమొచ్చిందా?" అన్నాను. క్యాలెండరు లేదు చూడ్డానికి. ఆయన ముఖమే చూశాను.

"వస్తె గింత దూరం నడుస్తనా?" అన్నారు. "పద్నాలుగో తారీఖు దాక మంచిగ చూసి చెప్పు. కెప్టెన్ అయితె రోజు తీస్కస్త."

ఇంటికొచ్చాక, ఈ పేజీలో, ఆయన పక్కన కూర్చుని ఉండగా, కొత్త నియమాలు:

ఒకటి. రోజుకు ఒక్క చెంచా. స్టీలుది.

రెండు. మింగకూడదు. నోట్లో తిప్పి ఉమ్మేయాలి.

మూడు. అత్తమ్మకు చెప్పి చేయాలి, కానీ పోయకూడదు.

నాలుగు. ఖర్జూరపండు ఉందేమో చూడాలి.

పోపు గరిటె కడిగి, నూనె రాసి మేకుకు తగిలించాను. డాక్టరు చెప్పగానే దానికి దాని పని వస్తుంది.

చెంచాడు పోశాను. నోట్లో వేసుకున్నాను. తిప్పాను. ఇనుము లేదు. అస్సలు లేదు. ఖర్జూరపండు ఉంది. వెనక నుంచి కట్టె వాసన. అత్తమ్మ నాలుకకు దండం పెట్టాలి.

ఉమ్మడానికి లేవబోయాను. ఆయన చెంప కింద చేయి పెట్టుకుని నన్నే చూస్తున్నారు. మొగుడు అట్లా చూస్తుంటే ఎవరైనా ఎట్లా ఉమ్ముతారు?

మింగాను.

వంటింట్లో అత్తమ్మ గ్లాసులు కడుగుతోంది. రెండు గ్లాసుల చప్పుడు వినబడుతోంది. రెండో నియమం, మూడో నియమం రేపటి నుంచి.